పనిస్థలము, యాజమాన్యము, పర్యావరణ ప్రవర్తన: ఒక పరిశీలన

సృష్టి సంరక్షణను గూర్చిన బోధకు మన సంఘములలో ఇప్పుడు కొదువ లేదు. జూన్ 5 ప్రపంచ పర్యావరణ దినమునకు దగ్గరగా వచ్చే ఆదివారమును సి.ఎస్.ఐ. సంఘములు పర్యావరణ ఆదివారముగా ఆచరిస్తున్నాయి. ఇతర సంఘశాఖలలో కూడ మొక్కలు నాటడం, ప్లాస్టిక్ సంచులు మానమని చెప్పడం మామూలైంది. అయితే ఈ బోధ దాదాపు అంతా ఇంటి చుట్టూ, ఆలయ ఆవరణ చుట్టూ తిరుగుతుంది. మన సభ్యుడు వారానికి ఆరు రోజులు, రోజుకు ఎనిమిది గంటల చొప్పున 48 గంటలు గడిపే పనిస్థలము మాత్రం ప్రసంగ పీఠము నుండి కనిపించదు. ఇంట్లో అతడు ఆర్పే బల్బు కొన్ని వాట్లది. కర్మాగారములో అతని చేతి కింద ఉండే బాయిలరు, కంప్రెసరు, వ్యర్థజలాల వాల్వు అనేవి ఊరంతటి మేలునూ కీడునూ మోయగలవు.

ఆ మీటల దగ్గర మనిషి ఎలా ప్రవర్తిస్తాడన్నది అతని మనస్సాక్షి మీద ఎంత ఆధారపడుతుంది, యజమాని ఏర్పాటు చేసిన పద్ధతుల మీద ఎంత ఆధారపడుతుంది? ఈ వ్యాసము పరిశీలించేది ఈ ప్రశ్ననే. నిర్వహణ శాస్త్రము గత యాభై ఏళ్లలో దీనిపై చాలా నేర్చుకొంది. అందులో కొంత బోధకులమైన మనకు రుచించకపోవచ్చు. కాని పాఠశాలలు, ఆసుపత్రులు, హాస్టళ్లు, ముద్రణాలయాలు నడుపుతున్న సంఘము కూడ ఒక యజమానియే గనుక ఈ సంగతి మనకు పరాయిది కాదు.

రెండు రకాల ప్రవర్తన

ఉద్యోగి పర్యావరణహిత ప్రవర్తనను పరిశోధకులు రెండుగా విడదీస్తారు. మొదటిది ఉద్యోగ ధర్మములో భాగమైనది. బాయిలరు ఆపరేటరు పొగలోని వాయువులను కొలిచి గాలిని సరిచేయడం, నర్సు వాడిన సూదిని నిర్ణీత డబ్బాలో వేయడం ఇటువంటివి. చేయకపోతే అడిగేవారుంటారు. రెండవది ఎవరూ చెప్పకుండానే చేసేది. కారుతున్న ఆవిరి గొట్టాన్ని చూచి ఫిర్యాదు చేయడం, వృథా తగ్గే ఉపాయము చెప్పడం, కొత్తగా చేరినవానికి నేర్పడం ఇందులోకి వస్తాయి. మొదటిదానిని నియమాలతో రాబట్టవచ్చు. రెండవదానిని ఆజ్ఞాపించలేము. దానికి చోటివ్వగలము, లేదా దానిని చంపగలము.

2013లో డగ్లస్ రెన్విక్, టామ్ రెడ్‌మన్, స్టువర్ట్ మగ్వైర్ అనే ముగ్గురు బ్రిటిష్ పరిశోధకులు అంతవరకు వచ్చిన అధ్యయనాలను సమీక్షించి ఒక చట్రములో అమర్చారు. దీనిని హరిత మానవ వనరుల నిర్వహణ అంటున్నారు. సారాంశము సులభమే: మనిషికి చేయగల సామర్థ్యము ఉండాలి, చేయాలనే ప్రేరణ ఉండాలి, చేయడానికి అవకాశము ఉండాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా పని జరగదు. నియామకము, శిక్షణ మొదటిదానికి చెందుతాయి. లక్ష్యాలు, మదింపు, బహుమానము రెండవదానికి. బృందాలు, సలహా పద్ధతులు, మాట్లాడే స్వేచ్ఛ మూడవదానికి.

చూడటానికి ఇది అందరికీ తెలిసిన సంగతిలాగే ఉంటుంది. కాని మన బోధను ఈ చట్రములో పెట్టి చూస్తే, అది దాదాపు పూర్తిగా ప్రేరణ అనే ఒక్క గదిలోనే ఉన్నదని తెలుస్తుంది. నేను చూచిన ఒక హాస్టలులో తెల్లవారుజామున పైట్యాంకు నిండి నీళ్లు గంటసేపు పొర్లిపోయేవి. వార్డెను వాచ్‌మన్‌ను చివాట్లు పెట్టేవాడు, ప్రార్థన కూడికలో నీటి విలువను గూర్చి చెప్పించేవాడు. వాచ్‌మన్‌ను అడిగితే, “అయ్యగారూ, ట్యాంకు మూడో అంతస్తు మీద, మోటారు గేటు వెనక. నిండిందో లేదో నాకెట్లా కనిపిస్తుందండీ?” అన్నాడు. అతనికి బుద్ధి లోపించలేదు, సమాచారము లోపించింది. ట్యాంకు నిండగానే మోటారును ఆపే ఫ్లోట్ స్విచ్ అమర్చిన వారములోనే నీటి వృథా ఆగింది, నీటిపై ప్రసంగమూ ఆగింది.

మనవి కంటె అమరిక

స్వీడన్‌లోని ఒక పెద్ద విశ్వవిద్యాలయములో జరిగిన ప్రయోగమును ప్రసంగీకులందరూ ఒకసారి చదవాలని నా అభిప్రాయము. యోహాన్ ఎగెబార్క్, మాథియస్ ఎక్‌స్ట్రోమ్ 2016లో ప్రచురించారు. అక్కడి సిబ్బందికి మొదట కాగితము పొదుపు చేయమని, వీలైనప్పుడు రెండు వైపులా ముద్రించమని పర్యావరణము పేరిట మనవి పంపారు. కాగితము వాడకములో చెప్పుకోదగిన మార్పు రాలేదు. వేరుగా, ప్రింటర్ల అమరికను మార్చారు. ఏమీ ఎంచుకోకపోతే అంతకుముందు ఒక వైపే ముద్రించేవి, ఇప్పుడు రెండు వైపులా ముద్రిస్తాయి. ఒకే వైపు కావలసినవారు ఒక మీట అదనంగా నొక్కితే చాలు. ఎవరి స్వేచ్ఛా పోలేదు. రోజువారీ కాగితము వాడకము సుమారు 15 శాతము తగ్గింది, ఆ తగ్గుదల నిలిచింది కూడ.

ఇదే మనుష్యులు, ఇదే కాగితము, ఇదే ఉద్దేశము. మంచి మాట చేయలేనిది ఒక అమరిక చేసింది. మన దేశములో 2020 జనవరి నుండి స్టార్ గుర్తు గల గది ఎయిర్ కండిషనర్లు 24 డిగ్రీల అమరికతోనే రావాలని ఇంధన సామర్థ్య బ్యూరో నియమము తెచ్చిన కారణమూ ఇదే. హైదరాబాదులో 2004లో రాష్ట్రపతి అబ్దుల్ కలామ్ ప్రారంభించిన సి.ఐ.ఐ. సొరాబ్జీ గోద్రెజ్ హరిత వాణిజ్య కేంద్రము భవనములో పగటి వెలుతురు ఎక్కువ భాగానికి అందేట్లు కట్టారు. అక్కడ పనిచేసేవాడు పగలు దీపము వేసుకోకపోవడానికి ప్రత్యేకముగా భక్తిపరుడై ఉండనక్కరలేదు.

ఇది మనిషిని యంత్రముగా చూడటము కాదా అని వేదాంత విద్యార్థులు అడగవచ్చు. ధర్మశాస్త్రమును జాగ్రత్తగా చదివితే ఈ అభ్యంతరము కొంత సడలుతుంది. ద్వితీయోపదేశకాండము 22:8 ఇల్లు కట్టేవానికి జాగ్రత్తగా నడవమని అతిథులకు బోధించమని చెప్పదు; మిద్దెకు పిట్టగోడ కట్టించమంటుంది. లేవీయకాండము 19:9-10లో పొలము అంచులను, పరిగెను విడిచిపెట్టే నియమము పొలము గలవానికి ఇవ్వబడింది. కోత కోసే కూలివాని దయాగుణము మీద పేదల తిండిని ఆధారపరచలేదు. రూతు 2:15-16లో బోయజు చేసినది మరీ స్పష్టము. రూతును అవమానపరచవద్దని, ఆమె ఏరుకొనేలా కొంత కావాలనే విడువమని పనివారికి ఆజ్ఞ ఇచ్చాడు. యజమాని ఆ మాట అనకపోతే, జాలిగల కూలివాడు పనలు జారవిడిచినా సాయంత్రము దొంగతనము కింద లెక్క చెప్పుకోవలసి వచ్చేది. పై అధికారి ఇచ్చే అనుమతి కింది మనిషి మంచితనానికి దారి తెరుస్తుందన్న సంగతి, నేటి పరిశోధకులు చెప్పేదానికి ఎంతో దూరములో లేదు.

పైవాడు ముందు విప్పిన కోటు

2005 వేసవిలో జపాన్ పర్యావరణ మంత్రిత్వశాఖ, మంత్రి యురికో కోయికె నాయకత్వములో, కార్యాలయాల్లో చల్లదనమును 28 డిగ్రీల వద్ద ఉంచే ఉద్యమము ప్రారంభించింది. చిక్కు ఉష్ణోగ్రతలో లేదు, దుస్తుల్లో ఉంది. కోటు, టై లేకుండ అధికారి ముందు నిలబడటము అక్కడ అమర్యాద. కింది ఉద్యోగి ఎంత పర్యావరణ ప్రేమికుడైనా తాను ముందుగా టై తీయలేడు. ప్రధానమంత్రి జునిచిరో కోయిజుమి స్వయముగా టై లేకుండ కనిపించారు. పైవాడు తీసిన తరువాత కిందివారు తీశారు. మొదటి ఏడాది 4 లక్షల 60 వేల టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గిందని ఆ మంత్రిత్వశాఖ అంచనా వేసింది. (మే నెలలో గుంటూరులోనో ఖమ్మములోనో నిండు సూటులో వేదికనెక్కి, మనకోసము ఎయిర్ కండిషనరు పెంచమని సైగ చేసే దైవసేవకులము ఈ ఉదాహరణను పెద్దగా వివరించుకోనక్కరలేదు.)

2000లో కేథరిన్ రేమస్, ఉల్రిక్ స్టీగర్ ఐరోపాలో పర్యావరణ విషయాలలో ముందున్న కంపెనీల ఉద్యోగులను అధ్యయనము చేశారు. కంపెనీకి స్పష్టమైన, ప్రకటిత పర్యావరణ విధానము ఉన్నదని నమ్మినవారు, తమ సూపర్‌వైజరు ప్రోత్సాహమును చవిచూచినవారు కొత్త ఉపాయాలు ఎక్కువగా ప్రయత్నించారు. గోడ మీద చట్రము కట్టిన విధానము చాలదు, దానిని ఉద్యోగికి చేరవేసే నోరు తక్షణ పై అధికారిదే.

లక్ష్యము, లెక్క, అభినందన

ప్రేరణ విషయములో వర్జిన్ అట్లాంటిక్ విమానసంస్థ అధ్యయనము చాలా విలువైనది. గ్రీర్ గాస్నెల్, జాన్ లిస్ట్, రాబర్ట్ మెట్కాఫ్ 2014లో ఎనిమిది నెలలపాటు 335 మంది కెప్టెన్లను నాలుగు గుంపులుగా చేసి పరిశీలించారు. మూడు విషయాలు కొలిచారు: బయలుదేరే ముందు ఇంధనము సరిగా లెక్కించి నింపడం, గాలిలో పొదుపుగా నడపడం, దిగిన తరువాత వీలైనంత మేరకు ఒక ఇంజను ఆపి నిలుపుస్థలానికి చేరడం. ఒక గుంపుకు, కొలుస్తున్నామని మాత్రమే తెలిపారు. రెండవ గుంపుకు నెలనెలా వారి వారి లెక్కను ఇంటికి పంపారు. మూడవ గుంపుకు లెక్కతోపాటు వ్యక్తిగత లక్ష్యము ఇచ్చి, అందుకొంటే అభినందించారు. నాల్గవ గుంపులో అందుకొన్న ప్రతి లక్ష్యానికి కెప్టెను కోరుకొన్న ధర్మసంస్థకు 10 పౌండ్లు చెల్లించారు.

కొలుస్తున్నారని తెలిసినంత మాత్రాననే మొదటి గుంపు కూడ మారింది. లక్ష్యాలు ఇచ్చిన గుంపులు ఇంకా బాగా చేశాయి. ధర్మసంస్థకిచ్చే సొమ్ము మాత్రం లక్ష్యము చేసినదానికి పెద్దగా కలిపింది లేదు. మొత్తము మీద 20 వేల టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ ఆదా అయింది; ఖర్చు కాగితము, తపాలా పాటిదే. లక్ష్యాలు అందుకొన్న కెప్టెన్లు ఉద్యోగములో ఎక్కువ తృప్తి కూడ తెలిపారు. ఇక్కడ ఒక షరతు గమనించాలి. భద్రత విషయములో తుది నిర్ణయము కెప్టెనుదే అయ్యింది. లెక్క శిక్షించడానికి వాడలేదు. ఇదే లెక్కను జీతము కోయడానికి వాడితే, ఇంధనము తక్కువ నింపుకొని ఎగిరే ప్రమాదము ఉండేది.

బహుమానాల విషయములో పాత ఉదాహరణ అమెరికాలోని 3ఎమ్ కంపెనీ. చైనాలో పుట్టిన ఇంజనీరు జోసెఫ్ లింగ్ నాయకత్వములో 1975లో అది ‘కాలుష్య నివారణ లాభదాయకము’ అనే కార్యక్రమము పెట్టింది. పొగగొట్టము చివర, మురుగుకాలువ చివర కాలుష్యమును పట్టుకొనడానికి బదులు, అది పుట్టకుండ చేసే ఉపాయాలను ఉద్యోగులే స్వచ్ఛందముగా ప్రతిపాదించాలి. వస్తువు మిశ్రమము మార్చడం, తయారీ విధానము మార్చడం, యంత్రము మార్చడం, మిగిలినది తిరిగి వాడడం ఆ మార్గాలు. ఎంపికైన బృందాలకు గుర్తింపు దక్కేది. వేలకొలది ప్రాజెక్టులు వచ్చాయి.

జార్జియా రాష్ట్రములోని ఇంటర్‌ఫేస్ తివాచీల కంపెనీ ఇంకొంత లోతుకు వెళ్లింది. 1994లో కొనుగోలుదారులు పర్యావరణము గూర్చి అడుగుతున్న ప్రశ్నలకు జవాబు చెప్పవలసి వచ్చి, స్థాపకుడు రే ఆండర్సన్ పాల్ హాకెన్ రచించిన పర్యావరణ వాణిజ్య గ్రంథము చదివాడు. అప్పటివరకు చట్టమును మీరకపోవడమే చాలనుకొన్నవాడు, భూమిని దోచుకొన్నవారిలో తానొకడినని బహిరంగముగా ఒప్పుకొన్నాడు. ఆయనకు మతి తప్పిందని కొందరు అనుకొన్నారట. ఆ తరువాత కంపెనీ కర్మాగారాల ఉద్యోగులతో బృందాలు ఏర్పరచి ‘వృథా’ అంటే ఏమిటో మళ్లీ నిర్వచించింది: కొనుగోలుదారునికి విలువ చేర్చని ప్రతిదీ వృథాయే. మొదటిసారి సరిగా చేయక తిరిగి చేసినది వృథా, చివరకు బొగ్గు, చమురు నుండి వచ్చే శక్తి కూడ వృథా కిందనే జమ. మగ్గము దగ్గర నిలబడేవానికి తాను చూచేది ఏమని పిలవాలో తెలిసింది. మొదటి పదిహేనేళ్లలో 40 కోట్ల డాలర్లకు పైగా ఆదా అయిందని కంపెనీ లెక్క.

అయితే ఈ రెండు పేర్లను వేదిక మీద చెప్పేవారు 3ఎమ్ కథను అక్కడితో ఆపుతారు, అది సరికాదు. ప్రకృతిలో విచ్ఛిన్నము కాని పి.ఎఫ్.ఎ.ఎస్. రసాయనాలను అదే కంపెనీ దశాబ్దాలపాటు తయారుచేసింది. తాగునీటిలో అవి కలిసినందున అమెరికాలోని నీటిసరఫరా సంస్థలకు దాదాపు 1030 కోట్ల డాలర్లు చెల్లించడానికి 2023లో ఒప్పుకొంది. ఉద్యోగి సలహాపెట్టెలో ఎన్ని మంచి ఉపాయాలు పడినా, ఏమి తయారుచేయాలన్న నిర్ణయము ఆ పెట్టెలోనుండి రాదు. హరిత నిర్వహణ సాహిత్యములో నాకు కనిపించే పెద్ద లోపము ఇదే. ఉద్యోగి ప్రవర్తన మీద ఇంత సూక్ష్మముగా దృష్టి పెట్టడం వల్ల, డైరెక్టర్ల ప్రవర్తన చూపు దాటిపోతుంది.

నోరు విప్పే చోటు

మన ప్రాంతములో ఈ సంగతి ప్రాణముల మీదికి వచ్చిన సందర్భాలున్నాయి. పటాన్‌చెరు వద్ద సుమారు 90 మందుల కర్మాగారాల నుండి వ్యర్థజలాలు తెచ్చి శుద్ధి చేసే కేంద్రము వదిలే నీటిని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందము పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. ఆ మందు వేసుకొన్న రోగి రక్తములో ఉండే మోతాదు కంటె అది ఎక్కువ. ఆ నీరు అప్పట్లో వాగులోకి, వాగు పొలాల్లోకి పోయేది. ఇక రాత్రివేళ ట్యాంకరును ఏ కుంటలోనో వదులుతూ పట్టుబడిన డ్రైవర్ల వార్తలు పత్రికలలో చదువుతుంటాము. డ్రైవరు పట్టుబడతాడు. ట్రిప్పుకింత అని కూలి కట్టి, శుద్ధికేంద్రము దగ్గర గంటలకొద్దీ నిలబడితే ఆ కాలానికి పైసా ఇవ్వని ఏర్పాటు పట్టుబడదు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నము ఆర్.ఆర్. వెంకటాపురము దగ్గర ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారములో స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. రాష్ట్ర ప్రభుత్వము నియమించిన ఉన్నతస్థాయి కమిటీ యాజమాన్యపు నిర్లక్ష్యమును ఎత్తిచూపింది. కర్మాగారములో అనేక చోట్ల సైరన్ మీటలు ఉన్నా ప్రజలను హెచ్చరించే సైరన్ మోగలేదని కూడ చెప్పింది. మీట ఉండటము వేరు, ఎవరినీ అడగకుండ దానిని నొక్కే అధికారము తనకున్నదని రాత్రి షిఫ్టు మనిషికి తెలిసి ఉండటము వేరు. పైన చెప్పిన మూడు గదులలో మూడవది, అంటే అవకాశము, ఇక్కడ కాగితము పొదుపు స్థాయి విషయము కాదు.

కాపరికి ఇక్కడే కష్టమైన పని ఉంది. పరిశ్రమల ప్రాంతాల్లో సేవచేసే కాపరి దగ్గరకు, తన చేత చేయిస్తున్నదేమిటో తెలిసిన కార్మికుడు వస్తాడు. కాంట్రాక్టు ఉద్యోగము, ఇంట్లో పిల్లల ఫీజులు. అతనితో ధైర్యముగా ఉండమని మాత్రమే చెప్పి పంపడము, పిట్టగోడ లేని మిద్దె మీద జాగ్రత్తగా నడవమనడమే. ఎవరికి వ్రాతపూర్వకముగా తెలపాలో, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయము ఎక్కడుందో, కార్మిక సంఘము అండ దొరుకుతుందో లేదో కాపరి తెలుసుకొని ఉండాలి. అదే సంఘములో మేనేజరు కూడ సభ్యుడై ముందు వరుసలో కూర్చొని ఉంటే, ఆయనతో మాట్లాడటము కూడ కాపరి పనే.

మన సంస్థలు

చివరగా మన ఇంటి సంగతి. 2016 జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారము ఆసుపత్రిలో వ్యర్థాలను పసుపు, ఎరుపు, తెలుపు, నీలము రంగులుగా వేరుచేయాలి. ఇది చాలామందికి తెలుసు. అవే నియమాలు సిబ్బందికి చేరినప్పుడు, ఆపైన ఏటా శిక్షణ ఇవ్వడము, హెపటైటిస్ బి, ధనుర్వాతము టీకాలు వేయించడము ఆసుపత్రి బాధ్యతగా చెబుతాయి. రంగు డబ్బాలు పెట్టి, వాటి పక్కన వాక్యము వ్రాసిన బోర్డు పెట్టి, వాటిని ఎత్తే ఆయమ్మకు చేతొడుగులు ఇవ్వని మిషను ఆసుపత్రిని హరిత ఆసుపత్రి అనలేము. పొరపాటుగా ఎర్ర సంచిలో పడిన సూది గుచ్చుకొనేది సూపరింటెండెంటుకు కాదు. ఆ ఆయమ్మ చాలాసార్లు కాంట్రాక్టరు మనిషి. శిక్షణ జాబితాలో, టీకాల జాబితాలో ఆమె పేరు ఉండదు. మొదట చూడవలసినది ఆ జాబితాలనే.

పాఠశాలలు, హాస్టళ్లు, డయాసిస్ కార్యాలయాలలో కరెంటు బిల్లు సాధారణముగా కోశాధికారి ఫైలులోకి పోతుంది. మోటారు వేసేవాడు, వంటమనిషి, ల్యాబు సహాయకుడు దానిని ఎన్నడూ చూడరు. విమాన కెప్టెన్లకు పంపినట్లే, ఏ నెల ఎన్ని యూనిట్లు కాలిందో వంటగది తలుపు మీద, మోటారు గది తలుపు మీద పెద్ద అంకెలతో వ్రాయవచ్చు. ఎవరినీ పేరుపెట్టి తప్పుపట్టకుండ, అంకెలు మాత్రమే. తగ్గించినవారికి ఆదివారము ప్రకటనలలో ఒక మాట చెప్పవచ్చు. గ్యాసు ఎక్కడ వృథా అవుతున్నదో వంటమనిషిని అడగవచ్చు. అడిగినదానిని కమిటీ మినిట్సులో వ్రాయవచ్చు. చేతొడుగులు, టీకాలు, ఫ్లోట్ స్విచ్ ఏ పద్దు కింద వస్తాయన్నది తేలకపోవడము వల్లనే మన దగ్గర సగము పనులు ఆగిపోతాయి గనుక, వచ్చే ఏడాది బడ్జెట్ తయారయ్యేటప్పుడు ఆ మూడింటికి ఒక పద్దు తెరిపించమని కోశాధికారిని కోరవచ్చు.